మీల్ మండే: స్కాట్లండ్ విద్యార్థుల పిండి మూట సెలవు – తరచుగా అడిగే ప్రశ్నలు

స్కాట్లండ్ పాత విశ్వవిద్యాలయాల గురించి మాట మొదలైతే ఎక్కడో ఒకచోట ఈ సెలవు ప్రస్తావన వస్తుంది. వచ్చిన ప్రతిసారీ అవే సందేహాలు. ఒక్కొక్కరికి విడిగా చెప్పడం మాని అన్నిటినీ ఇక్కడ పేర్చాను. మొదటి నుంచి వరుసగా చదవనవసరం లేదు. కావలసిన ప్రశ్న దగ్గర ఆగితే చాలు.

## పేరు, తేదీ

మీల్ మండే అంటే కాలేజీలో అందరికీ భోజనం పెట్టే రోజా?

కాదు. చాలామంది పడే పొరపాటు ఇది. ఇంగ్లీషులో 'మీల్' అన్న పదాలు రెండున్నాయి. ఒకటి భోజనం. అది పూర్వం 'వేళ', 'కొలత' అనే అర్థమున్న మాట నుంచి వచ్చింది. రెండోది గింజలను మరపట్టగా వచ్చిన బరక పిండి. పిండిమరను సూచించే 'మిల్' అన్న మాటకు ఇది దాయాది. ఈ సెలవు పేరులో ఉన్నది రెండోదే. స్కాట్లండ్‌లో ఊరికే 'మీల్' అంటే ఓట్స్ పిండి అనే లెక్క, మన దగ్గర చాలా ఇళ్ళలో 'పిండి' అనగానే ఏ పిండో అడగనక్కరలేనట్టు. తెలుగులో చెప్పాలంటే 'పిండి సోమవారం' సరిపోతుంది. 'భోజన సోమవారం' అంటే అసలు కథే పోతుంది.

ఇంతకీ ఆ రోజున ఏం జరిగేది?

విశ్వవిద్యాలయం ఒక సోమవారం సెలవిచ్చేది. శని, ఆదివారాలతో కలిపి మూడు రోజులు. పల్లెల నుంచి వచ్చి పట్నంలో అద్దెగదుల్లో ఉండే విద్యార్థులు ఇంటికి వెళ్ళి, ఖాళీ అయిన పిండి మూటను మళ్ళీ నింపి తెచ్చుకోవడానికి ఉద్దేశించిన సెలవు. ఉత్సవం లేదు, ఊరేగింపు లేదు, ప్రత్యేక వస్త్రాలు లేవు. సెలవుల చరిత్రలో ఇంత పొడిగా ఉండే సెలవు అరుదు. నాకు అందుకే ఇష్టం.

ఏ తేదీన వచ్చేది? ఏ విశ్వవిద్యాలయాల్లో?

సంప్రదాయంగా ఫిబ్రవరిలో రెండో సోమవారం. స్కాట్లండ్‌లోని నాలుగు ప్రాచీన విశ్వవిద్యాలయాలతో, అంటే సెయింట్ ఆండ్రూస్ (1413), గ్లాస్గో (1451), అబర్డీన్ (1495), ఎడిన్‌బరా (1583)లతో దీన్ని ముడిపెడతారు. స్కాట్స్ భాష నిఘంటువు దీన్ని ముఖ్యంగా ఎడిన్‌బరా, సెయింట్ ఆండ్రూస్‌ల సెలవుగా చెబుతుంది.

## మూట కట్టిన రోజులు

ఇంటి నుంచి పిండి మోసుకెళ్ళడం ఎందుకు? హాస్టలు, మెస్సు ఉండేవి కావా?

చాలావరకు ఉండేవి కావు. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్‌లలో విద్యార్థి కాలేజీలోనే ఉండి, కాలేజీ భోజనశాలలో తిని, కాలేజీ తలుపులు మూసే వేళకు లోపలికి రావలసి ఉండేది. స్కాట్లండ్‌లోనూ మొదట్లో సెయింట్ ఆండ్రూస్, అబర్డీన్‌లలో ఇలాంటి ఏర్పాటు కొంత నడిచింది కాని నిలవలేదు. 18, 19 శతాబ్దాలకు వచ్చేసరికి సగటు స్కాట్లండ్ విద్యార్థి పట్నంలో ఏదో ఇంటి మేడమీద గది అద్దెకు తీసుకుని, ఒక్కోసారి ఇద్దరు ముగ్గురు కలిసి ఉండేవాడు. పాఠం చెప్పడం వరకే విశ్వవిద్యాలయం బాధ్యత. విద్యార్థి ఏం తింటున్నాడన్నది దాని పని కాదు. గది ఇచ్చిన ఇల్లాలు నీళ్ళు కాచి ఇచ్చేది, లేదా విద్యార్థి ఇచ్చిన పిండితో గంజి కాచి పెట్టేది. పిండి మాత్రం విద్యార్థిదే.

మన దగ్గర పేద విద్యార్థులు వారాలు చేసుకుని చదివేవారు, రోజుకో ఇంట్లో తిని. స్కాట్లండ్ కుర్రవాడు ఆ ఏడు ఇళ్ళను ఒక మూటలో కట్టుకుని వచ్చేవాడనుకోండి.

ఓట్స్ పిండే ఎందుకు? రొట్టె కొనుక్కుంటే పోదా?

చేతిలో రొక్కం ఉంటేగా. చిన్న కమతం ఉన్న ఇంట్లో ధాన్యం ఉంటుంది కాని డబ్బు ఉండదు. స్కాట్లండ్ వేసవి చిన్నది, చల్లనిది, తడిది. గోధుమ తూర్పు తీరపు మంచి నేలల్లో పండుతుంది. మిగతాచోట్ల ఓట్స్‌దే రాజ్యం. శరదృతువులో కోసి, బట్టీలో ఆరబెట్టి, ఊరి నీటి మరలో ఆడించి ఏడాది పిండిని ఇంట్లో నిలవచేసేవారు. వ్యవసాయ కూలీలకు జీతంలో ఒక భాగం ఈ పిండి రూపంలోనే ముట్టేది. తండ్రికి జీతంగా వచ్చిందో చేలో పండిందో, అదే కొడుకు చదువుకు ఖర్చయ్యేది. గోధుమ రొట్టె పట్నపు ఖరీదు వస్తువు.

ఒక మూట ఎన్నాళ్ళు వచ్చేది?

ఇక్కడ కాస్త లెక్క వేద్దాం, సెలవు గుట్టు అందులోనే ఉంది. స్కాట్లండ్‌లో పిండిని 'బోల్'లలో కొలిచేవారు. ఒక బోల్ అంటే 140 పౌండ్లు, సుమారు 63 కిలోలు. బోల్‌లో 16 'పెక్'లు. నాగలి దున్నే కూలీకి ఏడాదికి ఇచ్చే వాడుక 6½ బోల్‌లు, అంటే వారానికి సరిగ్గా రెండు పెక్‌లు, దాదాపు 8 కిలోలు. అది పొద్దంతా చేలో ఒళ్ళు వంచే మనిషి తిండి. బెంచీ మీద కూర్చుని లాటిన్ వల్లించే పదిహేనేళ్ళ కుర్రవాడికి అందులో సగం, వారానికి ఒక పెక్ అనుకుందాం.

నవంబరు మొదట్లో తరగతులు మొదలైతే ఫిబ్రవరి రెండో సోమవారానికి 14 వారాలు. 14 పెక్‌లు. అంటే ఒక బోల్‌లో అడుగున రెండు పెక్‌లు మిగిలుంటాయి. గది యజమానురాలి చెయ్యి కాస్త పెద్దదైతే అవీ ఉండవు. ఈ లెక్క నాదే, ఏ రికార్డులోనూ రాసి లేదు. అయినా సెలవు తేదీ పెట్టెలోని మట్టానికి ఇంత దగ్గరగా రావడం చూస్తే ముచ్చటేస్తుంది.

ఆ పిండితో ఏం వండుకునేవాళ్ళు? మూడు పూటలా అదేనా?

దాదాపు అదే. అన్నిటికన్నా తేలిక 'బ్రోస్'. గిన్నెలో గుప్పెడు పిండి, చిటికెడు ఉప్పు, పైన మరుగుతున్న నీళ్ళు. చెంచా వెనకతో గబగబా కలపాలి, అయిపోయింది. మధ్యలో ఉండలు కడితే కట్టనీ, లోపల పొడిగా తగిలే ఆ ఉండలే రుచి అనేవారూ ఉన్నారు. పొయ్యి దగ్గర నిలబడే ఓపిక, బొగ్గు రెండూ ఉంటే 'పారిజ్'. మరిగే నీళ్ళలోకి పిండిని ఎడమచేత్తో సన్నగా రాలుస్తూ, కుడిచేత్తో 'స్పర్టల్' అనే గుండ్రటి కర్రతో కలుపుతూ అరగంట కాచే గంజి. రాగి జావ కాచిన చేతులకు ఈ పని కొత్త కాదు. పెనం మీద కాల్చే పలచటి 'ఓట్‌కేకు' మూడోది, నాలుగు రోజులు నిలవుంటుంది. తోడుగా బంగాళాదుంపలు, ఉప్పు చేప, ఇంటి నుంచి వచ్చిన ఉప్పు వెన్న. చక్కెర, పళ్ళు, తేనె వేసుకోవడం ఈ కాలపు ముచ్చట, అప్పుడు ఉప్పే.

అన్ని రోజులు పిండి పురుగు పట్టకుండా ఎలా ఉండేది?

బట్టీలో ఆరిన గింజల పిండి కాబట్టి తేమ తక్కువ. ఇళ్ళలో దాన్ని 'గిర్నల్' అనే చెక్క పెట్టెలో పోసి, గాలి చొరకుండా గట్టిగా అదిమేవారు. చేతులతో కాదు, కాళ్ళతో. పిల్లల కాళ్ళు శుభ్రంగా కడిగి, తుడిచి, పెట్టెలోకి దించి తొక్కించేవారు. పట్నం గదిలో ఆ వైభోగం ఉండదు. విద్యార్థి తన 'కిస్ట్'లో, అంటే బట్టలూ పుస్తకాలూ పెట్టుకునే పెట్టెలో, సంచితోనే దాచుకునేవాడు. గ్రీకు వ్యాకరణం మీద పిండి ధూళి ఉండే ఉంటుంది.

విద్యార్థుల పిండి మీద పన్ను వేస్తే ఆడం స్మిత్ అడ్డుపడ్డాడట, నిజమేనా?

నిజమే, ఈ చరిత్ర మొత్తంలో నాకు బాగా నచ్చిన సంగతి కూడా. గ్లాస్గో సంతకు వచ్చే ప్రతి ధాన్యపు బస్తా నుంచి నగరం ఒక గరిటెడు తీసుకునే హక్కు ఉండేది. పన్ను పేరే 'లాడిల్', అంటే గరిటె. దాని వసూలును గుత్తకు ఇచ్చేవారు. అమ్మకానికి కాక సొంత తిండికి తెచ్చుకునే విద్యార్థుల పిండికి ఈ పన్ను వర్తించదన్నది విశ్వవిద్యాలయం వాదన. గుత్తేదారు మాత్రం వాళ్ళ బస్తాల్లోనూ గరిటె ముంచాడు. విశ్వవిద్యాలయం నగర పెద్ద దగ్గరకు ఈ ఫిర్యాదు తీసుకెళ్ళే పని అప్పగించినవారిలో ఆడం స్మిత్ ఉన్నారు. ఆయన అక్కడ 1751 నుంచి 1764 వరకు ఆచార్యుడు. వసూలు చేసింది తిరిగి ఇప్పిస్తామని నగర పెద్ద మాట ఇచ్చాడు.

అర్థశాస్త్ర పితామహుడు అని మనం పాఠ్యపుస్తకాల్లో చదువుకునే మనిషి, తన విద్యార్థుల గరిటెడు పిండి కోసం నగర కార్యాలయం మెట్లెక్కాడు. మూట కట్టుకుని రావడం ఒకరిద్దరి పేదరికపు ముచ్చట కాదని, ఆచార్యుల సభలో చర్చకు వచ్చేంత మామూలు వ్యవహారమని చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కరలేదు.

## సెలవు లెక్క

ఫిబ్రవరిలో ఎందుకు? క్రిస్మస్ సెలవుల్లో తెచ్చుకోవచ్చు కదా?

క్రిస్మస్ సెలవులు ఉంటే కదా. ప్రొటెస్టెంట్ సంస్కరణ తర్వాత స్కాట్లండ్ చర్చి క్రిస్మస్‌ను బైబిల్లో లేని పండుగగా తోసిపుచ్చింది. 1640లో స్కాట్లండ్ పార్లమెంటు ఆ సెలవులను చట్టం చేసి మరీ తీసేసింది. డిసెంబరు 25 అక్కడ ప్రభుత్వ సెలవు అయింది 1958లోనే. విశ్వవిద్యాలయం ఏడాది అంటే అక్టోబరు చివరి నుంచో నవంబరు నుంచో వసంతం దాకా సాగే ఒకే పొడుగాటి శీతకాలపు సెషన్. ఇప్పటిలా ముక్కలు ముక్కలుగా టర్ములు లేవు. ఆ పొడుగు మధ్యలో ఫిబ్రవరి ఒక నట్టనడి మెట్టు.

మరి వేసవి అంతా ఏం చేసేవాళ్ళు?

పని. ఏప్రిల్ చివర తరగతులు ముగిస్తే మళ్ళీ శరదృతువు దాకా కుర్రవాడు ఇంటి చేలో ఉండేవాడు, లేదా ఎక్కడైనా బడిలో పాఠాలు చెప్పి, ఎవరి పిల్లలకో ప్రైవేటు చెప్పి వచ్చే ఏడాది రుసుము కూడబెట్టుకునేవాడు. ఆ రుసుము కూడా చాలాకాలం విశ్వవిద్యాలయానికి కాదు, నేరుగా ఆచార్యుడి చేతికే ఇచ్చేవారు. వేసవి సెలవు ఇంత పొడుగ్గా ఉండడం వల్లే పేదింటి పిల్లలకు చదువు అందింది.

సోమవారమే ఎందుకు? శుక్రవారం ఇస్తే ఏమయ్యేది?

ఆదివారం ప్రయాణం కుదరదు, అందుకు. ప్రెస్బిటీరియన్ అనే ప్రొటెస్టెంట్ శాఖను పాటించే స్కాట్లండ్‌లో ఆదివారం అంటే చర్చి, బైబిలు, మౌనం. ఆ రోజు మూట నెత్తిన పెట్టుకుని రోడ్డున పోతే ఊరంతా చెప్పుకుంటుంది. శనివారం నడిచి ఇల్లు చేరి, ఆదివారం తల్లిదండ్రులతో చర్చికి వెళ్ళి, సోమవారం మూటతో తిరిగి బయల్దేరడం ఒక్కటే మర్యాదగా కుదిరే పద్ధతి.

మూడు రోజుల్లో ఇంటికి వెళ్ళి రావడం అందరికీ సాధ్యమయ్యేదా?

కానే కాదు. సెలవు గురించి చెప్పే కథల్లో అందరూ దాటవేసే ముక్క ఇది. రోజుకు 20 మైళ్ళు మంచి నడక. పైగా ఫిబ్రవరి: పొద్దు చిన్నది, దారిలో మంచు, తిరుగు ప్రయాణంలో భుజాన బరువు. ఎడిన్‌బరా నుంచి హాడింగ్టన్, లిన్‌లిత్‌గో, పీబుల్స్ వరకు సరే. ఉత్తరాన ఉన్న కొండసీమ హైలాండ్స్ కుర్రవాడికి ఈ సెలవు ఎందుకూ పనికిరాదు. ఇల్లు చేరేలోపే సోమవారం అయిపోతుంది. దూరపువాళ్ళకు దిక్కు 'క్యారియర్', అంటే ఊళ్ళ మధ్య గుర్రపు బండి నడిపే రవాణా మనిషి.

తర్వాత పెద్ద రచయితగా పేరుపొందిన థామస్ కార్లైల్ సంగతే చూడండి. 1809 నవంబరులో, ఇంకా 14 నిండకముందే, ఎకిల్‌ఫెకన్ అనే పల్లె నుంచి ఎడిన్‌బరాకు కాలినడకన వెళ్ళాడు. రోజుల తరబడి నడక. తర్వాత ఇంటి నుంచి పిండి, బంగాళాదుంపలు, ఉప్పు వెన్న క్యారియర్ బండిలో వచ్చేవి. అదే బండిలో మాసిన బట్టలు ఇంటికి వెళ్ళి ఉతికి, కుట్టుపడి తిరిగి వచ్చేవి. ఆ ఇంటికి కావలసింది సోమవారం సెలవు కాదు, నమ్మకమైన బండివాడు.

## కథ ఎంత, నిజం ఎంత

స్కాట్లండ్ విద్యార్థులు అందరూ అంత పేదవాళ్ళేనా?

కాదు. మతగురువుల కొడుకులు, వ్యాపారుల కొడుకులు, వకీళ్ళ కొడుకులు ఎప్పుడూ పెద్ద సంఖ్యలోనే ఉన్నారు. ఎడిన్‌బరాలో వైద్యం చదవడానికి ఇంగ్లండ్ నుంచి, వలస దేశాల నుంచి డబ్బున్నవాళ్ళు వచ్చేవారు. వాళ్ళకు పిండి మూటతో పనేముంది? అయితే రైతు కొడుకు, వడ్రంగి కొడుకు అదే బెంచీలో పక్కన కూర్చునేవాడన్నది నిజం. రుసుము తక్కువ, కాలేజీలో నివాసం తప్పనిసరి కాదు, 1892 దాకా ప్రవేశపరీక్ష లేదు, కొందరికి 'బర్సరీ' అనే చిన్న ఉపకారవేతనం దొరికేది.

19వ శతాబ్దం చివర్లో ఈ పేద తెలివైన కుర్రవాడికి 'లాడ్ ఓ పెయిర్ట్స్' అని బిరుదు తగిలించి, స్కాట్లండ్ తన గురించి తాను చెప్పుకునే కథకు నాయకుడిని చేసింది. మూట నిజం. ప్రతి విద్యార్థి భుజాన మూట ఉన్నట్టు గీసే బొమ్మ మాత్రం అభిమానం గీసిన బొమ్మ.

గంజి కాచి బల్ల సొరుగులో పోసి, ముక్కలు కోసుకుని వారమంతా తినేవాళ్ళట. నమ్మవచ్చా?

స్కాట్లండ్ అంతటా చెప్పే కథ ఇది. చిక్కగా కాచిన గంజి చల్లారితే గట్టిపడి ముక్కలుగా తెగుతుంది, అంతవరకు నిజం. సంకటి మిగిలిన మర్నాడు ఎవరైనా చూడవచ్చు. కాని ఆ కథలో సొరుగు ఒక్కోసారి విద్యార్థిది, ఒక్కోసారి రైతుకూలీది, ఒక్కోసారి చెప్పేవారి తాతగారిది. సరదాగా వినండి, చరిత్ర అని రాయకండి.

అమ్మాయిలకూ ఈ సెలవు ఉండేదా?

స్కాట్లండ్ విశ్వవిద్యాలయాలు స్త్రీలకు పట్టాలు ఇవ్వడం 1892 తర్వాతే మొదలైంది. అప్పటికి సెలవు క్యాలెండర్లో మిగిలింది కాని మూటలు చాలావరకు పోయాయి. 1896లో సెయింట్ ఆండ్రూస్ అమ్మాయిల కోసం యూనివర్సిటీ హాల్ అనే వసతిగృహం తెరిచింది, భోజనంతో సహా. సెలవు వారికీ వచ్చింది, మూట మోత తప్పింది.

## మూట పోయి సెలవు మిగిలింది

ఈ సెలవు ఎందుకు పోయింది?

ఒక్కరోజులో పోలేదు, అర్థం ముందు పోయింది, ఆనక సెలవు. రైళ్ళు వచ్చాయి: 1842లో ఎడిన్‌బరా-గ్లాస్గో, 1850లో అబర్డీన్ దాకా, 1852లో సెయింట్ ఆండ్రూస్‌కు. తమాషా ఏమిటంటే, మూడు రోజుల్లో ఇంటికి వెళ్ళి రావడం అందరికీ సుళువైన కాలానికే ఇంటి నుంచి పిండి తెచ్చుకోవలసిన అవసరం తగ్గిపోయింది. పట్నం దుకాణంలో పిండి చవకైంది, రొట్టె ఇంకా చవకైంది. స్కాట్లండ్‌లోని డన్‌ఫర్మ్‌లిన్‌లో పుట్టిన ఉక్కు వ్యాపారి ఆండ్రూ కార్నెగీ 1901లో స్కాట్లండ్ విశ్వవిద్యాలయాల కోసం 20 లక్షల పౌండ్ల నిధి పెట్టారు. అందులో ఒక భాగం స్కాట్లండ్ విద్యార్థుల రుసుములకే. తరువాత సెషన్ టర్ములుగా విడిపోయింది, క్రిస్మస్‌కు, వసంతానికి పొడుగు సెలవులు వచ్చాయి. నడుమ ఒక్క సోమవారం ఎందుకు ఉందో కొత్తగా చేరినవాళ్ళకు చెప్పాల్సి వచ్చేది. 20వ శతాబ్దంలో ఒక్కో క్యాలెండర్ నుంచీ అది జారిపోయింది.

ఇప్పుడు ఎడిన్‌బరాలో ఫిబ్రవరిలో పాఠాలు లేని వారం ఒకటి ఉంది. అది మీల్ మండే వారసత్వమేనా?

నెల ఒకటే, మూలం వేరు. 'ఫ్లెక్సిబుల్ లెర్నింగ్ వీక్' అని పిలిచే ఆ వారం ఈ శతాబ్దంలో పెట్టిన విద్యా ఏర్పాటు: చదువుకోవడానికి, రకరకాల కార్యక్రమాలకు వాడుకునే విరామం. పాత సెలవు పునర్జన్మ ఎత్తిందని చెప్పుకోవడం బాగుంటుంది కాని ఆధారం లేదు.

సెయింట్ ఆండ్రూస్‌లో నురగతో కొట్టుకునే 'రైజిన్ మండే' ఇదేనా?

కాదు, రెండూ సోమవారాలే అన్నది తప్ప పోలిక లేదు. రైజిన్ మండే శరదృతువులో వస్తుంది. కొత్తగా చేరిన విద్యార్థి తనను చూసుకున్న సీనియర్‌కు ఒక పౌండు ఎండుద్రాక్ష కానుకగా ఇచ్చి, లాటిన్‌లో రాసిన రసీదు పుచ్చుకునే ఆచారం నుంచి పుట్టింది. ఎండుద్రాక్ష కాలక్రమంలో ద్రాక్షసారాయి సీసాగా మారింది, చివరికి పచ్చికలో వందలమంది షేవింగ్ నురగ పూసుకునే తిరునాళ్ళయింది. అది కానుక పండుగ కనుక బతికింది. పిండి మూటలో తిరునాళ్ళకు పనికివచ్చే సరుకు లేదు.

## మన వైపు నుంచి

ఈ విశ్వవిద్యాలయాలకు తెలుగునేలతో ఏమైనా సంబంధం ఉందా?

ఉంది. దత్త మండలాలను 1800 నుంచి 1807 దాకా పాలించి, రాయలసీమ పల్లెల్లో ఇప్పటికీ పేరు వినిపించే థామస్ మన్రో గ్లాస్గోలో పుట్టి, గ్లాస్గో విశ్వవిద్యాలయంలోనే చదివారు. 1827లో పత్తికొండలో కలరాతో కన్నుమూశారు. అయితే ఆయన ఊరిలోని వర్తకుడి కొడుకు. ఇల్లు నాలుగడుగుల్లో ఉండగా పిండి మూట అక్కరలేని కోవ. హైదరాబాదుకు వస్తే, నిజాం కళాశాల ఆరంభకుడు, సరోజినీ నాయుడు తండ్రి అఘోరనాథ్ చటోపాధ్యాయ 1870ల్లో ఎడిన్‌బరాలో డాక్టరేటు పొందినవారు.

మా అబ్బాయి గ్లాస్గోలో చేరుతున్నాడు. ఈ సెలవు చూసుకుని టికెట్లు కొనవచ్చా?

కొనకండి. ఈ పేరుతో ఇప్పుడు సెలవు లేదు. విశ్వవిద్యాలయం ఆ ఏడాదికి ప్రకటించే తేదీలే ప్రమాణం. బియ్యం, కందిపప్పు అక్కడి భారతీయ దుకాణాల్లో దొరుకుతాయి కాబట్టి మూట బరువూ తగ్గించుకోవచ్చు. ఓట్స్ పిండి ఏ దుకాణంలోనైనా ఉంటుంది. 'పిన్‌హెడ్' అని రాసిన పొట్లం తెస్తే అది రవ్వకన్నా ముతక. రాత్రే నానబెట్టమనండి, లేకపోతే పొద్దున తొమ్మిది గంటల తరగతికి అందుకోలేడు.